కరెంటు పెట్టి వెళ్ళిపోయే ఫిజియో కాదు: నాలుగు స్టార్లు

మాది విజయవాడ సత్యనారాయణపురం. ముందు గదిలో మిషను వేసుకుని లేడీస్ టైలరింగ్ చేస్తాను. మా అత్తయ్యగారికి 74 ఏళ్ళు. మార్చిలో బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మధ్యలో నెమ్ము చేరడంతో ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చాక ఈ ఇంటికొచ్చే ఫిజియోథెరపీ వాళ్ళని పెట్టుకున్నాం. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు. సెషన్‌కి 600, మొత్తం ముందే కట్టాలి.

ఎముక అతుక్కుంటే ఆవిడే నడిచేస్తారని మా ధీమా. అసలు సంగతి నాకు జాకెట్టు దగ్గర తెలిసింది. ఇంటికొచ్చిన మూడోనాడు ఒళ్ళు తుడిచి జాకెట్టు తొడుగుతుంటే చెయ్యి లోపల లొడలొడలాడుతోంది. సంక్రాంతికి నేనే కుట్టాను, చేతి లూజు పదిన్నర. తొమ్మిదికి కుట్టు వేస్తే గానీ నిలవలేదు. రెండు వారాల్లో అంగుళంన్నర! ఇరవై ఏళ్ళుగా ఆది జాకెట్లు కొలుస్తున్నాను గానీ మనిషి ఇంత తొందరగా తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. మొదట పంపిన అబ్బాయి రెండు సెషన్లూ తొడకి ప్యాడ్లు అంటించి, కరెంటు పెట్టి, అరగంట ఫోన్ చూసుకుని వెళ్ళిపోయాడు. ఆఫీసుకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే మనిషిని మార్చారు. ఈ నాలుగు స్టార్లూ ఆ తర్వాత వచ్చిన అమ్మాయివే.

ఆ అమ్మాయి రాగానే ఫైలు అడిగింది. డిశ్చార్జి కాగితాల్లో చివరి పేజీ తీసి, "మొదటి నుంచే వాకర్‌తో బరువు వేసి నడవొచ్చని సర్జన్ రాశారు కదండీ, చూడలేదా?" అంది. మందుల పేజీ తప్ప మేము ఇంకోటి చదివితే కదా! ఆసుపత్రిలో మాకెవరూ విడమర్చి చెప్పలేదన్నది నిజమే. కానీ ఇంటికొచ్చి తొమ్మిది రోజులు అపురూపంగా పడుకోబెట్టింది మేమే. కంచం మంచం మీదికి, మంచినీళ్ళు నోటి దగ్గరికి.

అప్పుడే చెప్పింది. 2007లో అమెరికాలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని పది రోజులు మంచంలో ఉంచి చూస్తే, కాళ్ళలోనే కిలోకి దగ్గరగా కండ పోయిందట. వాళ్ళు సగటున 67 ఏళ్ళవాళ్ళు. మరి ఆపరేషనూ, ఇన్ఫెక్షనూ అయిన మనిషికి ఒళ్ళు తన కండని తనే కరిగించుకుంటుందట. వయసులో ఉన్నవాళ్ళకి తిరిగొచ్చినట్టు వీళ్ళకి తొందరగా రాదట కూడా.

తర్వాత నా టేపే అడిగి తీసుకుని ఆపరేషన్ కాని కాలి పిక్క కొలిచింది. రెండో కాలు వాచి ఉంది కాబట్టి ఆ లెక్క పనికిరాదంది. పదకొండుంబావు వచ్చింది. ఆసియా నిపుణులు 2019లో ఇచ్చిన లెక్కలో ఆడవాళ్ళకి 33 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ తగ్గిందేమో చూసుకోవాలట. అంటే నా టేపులో పదమూడు అంగుళాలు.

ఇక కుర్చీ. చేతులున్న చెక్క కుర్చీ మీద బొంత మడతపెట్టి ఎత్తు చేసి, ఆవిణ్ణి అంచుకి జరిపింది. "ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగండి మామ్మగారూ, అప్పుడు లేవండి" అంది. అత్తయ్య తొడలు చీర మీద నుంచి కనిపించేలా వణికాయి. "డాక్టరమ్మా, పడిపోతానే" అని ఒకటే గోల. "నా చెయ్యి మీ నడుం దగ్గరే ఉంది, మీరు లేవండి." లేచారు. ఆ రోజు మూడంటే మూడుసార్లు, అదీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. వారం వారం బొంత మడత ఒకటి తీసేస్తూ వచ్చింది. నాకు బాగా నచ్చింది అదే.

తిండి దగ్గర పెద్ద గొడవే అయింది. మేము పథ్యమని రెండు ఇడ్లీ, జావ, పెరుగన్నం, గ్లాసు పాలు ఇస్తున్నాం. లెక్కేస్తే ప్రోటీన్ 20 గ్రాములు కూడా లేదు. జబ్బుపడి లేస్తున్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలట. 46 కిలోల అత్తయ్యకి 55 నుంచి 69. ముందు కిడ్నీ రిపోర్టు మా డాక్టరుగారికి చూపించి, ఆయన సరే అన్నాకే పెంచమంది. గుడ్డు మాటెత్తితే అత్తయ్య ఆ పూట అన్నమే మానేశారు, మా ఇంట్లో అది జరిగే పని కాదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు రెండింతలు, సాయంత్రం పనీరు, రాత్రి పాలు అని కుదిర్చాం. మీల్ మేకర్ పొడి చేసి కూరలో కలిపాను. ఈ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

లోపాలూ ఉన్నాయి. ఏడింటికని చెప్పి ఎనిమిదింటికి వస్తారు. మే నెలలో మా ఇంట్లో ఎనిమిదింటికి వ్యాయామమంటే ఫ్యాను కిందే చెమటలు. ఇంట్లో రోజూ చేయించాల్సినవి కాగితం మీద రాసివ్వరు, నేనే క్యాలెండర్ వెనక రాసుకున్నాను. వాళ్ళు రాని రోజుల్లో చేయించకపోతే మాత్రం ఆ 600 దండగే.

ఎనిమిదో వారం చివర చేతులు కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 17 సెకన్లు పట్టింది. యూరప్ వాళ్ళ లెక్కలో 15 దాటితే కాళ్ళలో బలం తక్కువన్నట్టే. అంటే ఇంకా గీత అవతలే ఉన్నాం. పిక్క అర అంగుళం పెరిగింది. ఇప్పుడు కర్రతో వీధి చివరి దాకా వెళ్ళొస్తున్నారు. జాకెట్టు చేతికి వేసిన కుట్టు విప్పమని రోజూ అడుగుతున్నారు గానీ, ఇంకా విప్పలేదు.

ఆ అబ్బాయి కరెంటు పెట్టిన రెండు సెషన్లకి బదులు సెషన్లు ఇస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు. అయిదో స్టారు అక్కడే ఆగింది.