ఆరేళ్లుగా గూగుల్ డాక్స్‌తో: ఒక అనువాద బృందం అనుభవం

మా బృందంలో నలుగురు అనువాదకులం, ఒక సంపాదకురాలు, ఒక డీటీపీ ఆపరేటరు. ఇదివరకు వర్డ్ ఫైళ్లు మెయిల్లో తిరిగేవి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు. ఒకసారి ప్రెస్సుకు ‘ఫైనల్ 2’ వెళ్లిపోయింది. వారం రోజుల దిద్దుబాట్లు గంగలో కలిశాక, అందరూ ఒకే ఫైలును ఇంటర్నెట్‌లో తెరిచి దిద్దుకునే గూగుల్ డాక్స్‌కు మారాం.

ఇందులో నేను వదులుకోలేనిది సూచనల పద్ధతి. మా సంపాదకురాలు మేడమ్ దిద్దితే నా మాట చెరిగిపోదు. దానిమీద గీత పడి, పక్కనే ఆమె మాట రంగులో కనిపిస్తుంది. ఒప్పుకుంటే టిక్కు, లేదంటే ఇంటూ. ‘విద్యార్థులచే చేయబడిన ప్రయోగం’ అని రాశానొకసారి. ‘విద్యార్థులు చేసిన ప్రయోగం’ అని మార్చారు. ‘మేడమ్, మూలంలో అలాగే ఉంది’ అని పక్కన కామెంటు పెట్టాను. ‘మూలంలో ఉంటే ఉండనివ్వండి, చదవాల్సింది మన పిల్లలు’ అని జవాబు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పే ఓపిక మాకెవరికీ లేదు కానీ, ఆ కామెంట్లు చదవమంటే చాలు.

గడుల పట్టికలు వేసుకునే గూగుల్ షీట్స్‌లో మాకొక పదకోశం ఉంది. ఇంగ్లిషు మాట ఒక గడిలో, తెలుగు మాట పక్క గడిలో. ఒక రాత్రి తెలుగు నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని అకారాదిగా సర్దారు ఎవరో. తెల్లారేసరికి ఫ్రిక్షన్‌కు ఎదురుగా పత్రహరితం, క్లోరోఫిల్‌కు ఎదురుగా దీర్ఘవృత్తం! ఆ ఘనకార్యం నాదేనని పాత ప్రతుల చరిత్ర తెరిచాక తెలిసింది, పేరూ సమయంతో సహా. పరువు పోయింది కానీ, ముందు రోజు సాయంత్రపు ప్రతి రెండు నొక్కులతో వెనక్కి వచ్చింది.

తెలుగుకు సంబంధించి ఒక మాట. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన పాత పాఠాన్ని తెచ్చి ఇందులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలే కనిపిస్తాయి. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి డాక్స్‌ను తిట్టి లాభం లేదు. ముందు కన్వర్టరులో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఫాంట్ల జాబితాలో తెలుగు లిపిని ఎంచుకుంటే మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి వంటివి వస్తాయి. పాఠానికి మండలి, శీర్షికకు రామభద్ర మా అలవాటు. స్కాన్ చేసిన పేజీని గూగుల్ డ్రైవ్‌లో (ఫైళ్లు దాచుకునే చోటు) పెట్టి డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలు దిద్దుకోగలిగే పాఠంగా వస్తాయి. పాత పుస్తకాలతో పనిచేసేవాళ్లకు ఇది వరమే. అయితే ప్రూఫు చూడకుండా వాడకూడదు.

ఉచిత ఖాతాకు ఇచ్చే 15 జీబీ చోటులో మెయిళ్లు, ఫొటోలు కూడా వాటాదారులే. బొమ్మలు ఎక్కువుండే పుస్తకాలైతే చాలదు. దానికన్నా పెద్ద చిక్కు యాజమాన్యం. ఉచిత ఖాతాల్లో ఫైలు ఎవరు సృష్టిస్తే వాళ్లదే. మనం పంచుకున్న ఫోల్డరులో ఉన్నంత మాత్రాన మనదైపోదు. బయటి అనువాదకుడొకరు పని ముగిశాక తన పాత ఖాతాను మూసేశారు, దాంతోపాటు మా రెండు అధ్యాయాలూ పోయాయి. ప్రింటు కాగితాలు ఉండబట్టి మళ్లీ కొట్టించుకున్నాం. ఇప్పుడు ఎవరికి పని అప్పగించినా ఖాళీ డాక్యుమెంటు మా ఆఫీసు ఖాతాలో తెరిచి, లింకు మాత్రమే పంపుతున్నాం.