వీపున మోసే ఫ్రేమ్ క్యారియర్: అన్ని కాలాల్లో వాడాక

ఆసరా లేకుండా కూర్చోవడం వచ్చిన దగ్గర్నుంచి మూడేళ్లు నిండేదాకా మా పాపని కొండదారుల్లో, అడవి బాటల్లో ఈ క్యారియర్‌లోనే తిప్పాం. రాళ్లూ మెట్లూ వస్తే స్ట్రాలర్ అక్కడితో ఆగిపోతుంది, దీనికి ఆ ఇబ్బంది లేదు. పైగా పాప కళ్లు మన కళ్లకన్నా ఎత్తులో ఉంటాయి. ఉడుతల్ని, పిట్టగూళ్లని ముందు చూసేది తనే. చెవి పట్టుకు లాగి మరీ చూపించేది.

మోసేవాళ్లకి ప్రాణం నడుం బెల్టు. అది తుంటి ఎముకల మీద కూర్చోవాలి. పొట్ట మీదికి జరిగిందంటే బరువంతా భుజాల మీద పడి మెడ పట్టేస్తుంది. ముందు బెల్టు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. వీపు పొడవు సర్దుకునే వీలుండటంతో ఎత్తులు వేరైనా మేమిద్దరం మార్చుకుంటూ మోశాం.

బరువు లెక్క కొనేముందే చూసుకోండి. మా దాని మీద గరిష్ఠం 22 కిలోలని ఉంది. అది పాప ఒక్కదానికే కాదు, సామానూ క్యారియరూ కలిపి. ఖాళీ క్యారియరే మూడున్నర కిలోలు. రెండు లీటర్ల నీళ్లు, మారు బట్టలు, డైపర్లు పెడితే ఇంకో మూడు. మిగిలేది పదిహేను చిల్లర. మూడేళ్ల పిల్లల సగటు బరువే 14 కిలోల దాకా ఉంటుంది.

అసలు చెప్పాల్సింది చలికాలం గురించి. మనం నడుస్తుంటాం కాబట్టి ఒళ్లు వేడెక్కుతుంది. కదలకుండా కూర్చున్న పాపకి అదే సమయంలో చలి ఎక్కుతుంటుంది. చేతులు పట్టుకు చూస్తే తెలియదు, కాలర్ లోపల మెడ వెనక వేలు పెట్టి చూడాలి. కాళ్లు వేలాడితే తొడల కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతాయి. అందుకే పాదాలు ఆనించే పట్టీలు సరైన ఎత్తులో కట్టి, మధ్యమధ్యలో దింపి పరిగెత్తనిచ్చేవాళ్లం. ఇది అస్సలు మానొద్దు.

ఎండాకాలంలో సన్‌షేడ్ నడినెత్తి ఎండకి బాగా పనికొస్తుంది. పొద్దు వాలాక పక్కనుంచి మొహం మీద పడే ఎండని ఆపలేదు, అంచులున్న టోపీ తప్పనిసరి. రెయిన్ కవర్ నీళ్లని బాగానే ఆపింది కానీ లోపల ఉక్క, వాన తగ్గగానే తీసేయాలి.

రెండు జాగ్రత్తలు. నేల మీద పెట్టేటప్పుడు స్టాండు టక్కున పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకున్నా పాప లోపల ఉండగా చెయ్యి తీయొద్దు, బల్ల మీద అసలే పెట్టొద్దు. ఇక కొమ్మల కింద మన తల దాటితే చాలదు, పాప తల ఇంకా పైన ఉంటుంది. నేనైతే బాగా వంగకుండా, మోకాళ్లు మడిచి కిందికి దిగి దాటేదాన్ని.

ఇన్నాళ్ల వాడకంలో పాడైంది గడ్డం కింది చొంగ గుడ్డ ఒక్కటే. ఉతికీ ఉతికీ అంటుకునే పట్టీ పట్టు వదిలేసింది. బకిళ్లు, కుట్లు గట్టిగా ఉన్నాయి. ఇప్పుడు క్యారియర్ మా చెల్లెలి బాబుకి వెళ్తోంది, ఆ గుడ్డ మాత్రం కొత్తది కొనుక్కోమన్నాను.