28 గదుల మందుల డబ్బా: అమ్మ గుండె వాల్వ్ ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలు వాడి రాస్తున్నది

ఆన్‌లైన్‌లో 349 రూపాయలకు కొన్నాను. ఏడు రోజులకి ఏడు పట్టీలు, ఒక్కో పట్టీలో నాలుగు గదులు, అన్నీ కలిపి పెట్టుకోవడానికి ఒక ట్రే. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే అచ్చు డబ్బా నాలుగైదు పేర్లతో దొరుకుతోంది.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. అమ్మకు 62 ఏళ్లు, తెనాలిలో ఉంటుంది. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) పాడైందని, దాన్ని తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. గుండె లయ తప్పి కొట్టుకోవడం ఆపరేషన్‌కి ముందే ఉంది, తర్వాతా పోలేదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే, పక్కన పడుకున్న నాకు ఆ వాల్వ్ చప్పుడు వినిపిస్తుంది. గడియారంలా సమంగా ఉండదు. టిక్ టిక్ అని రెండు గబగబా, తర్వాత ఒక ఖాళీ, మళ్లీ మూడు. మొదట్లో ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని.

డిశ్చార్జి రోజు ఆరు రకాల మాత్రలు ఇచ్చారు. పరగడుపున గ్యాస్ మాత్ర. టిఫిన్ తర్వాత గుండె వేగాన్ని అదుపులో ఉంచే లానాక్సిన్, ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే నీళ్ల మాత్ర. గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ పొద్దున, రాత్రి. మధ్యాహ్నం ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్. సాయంత్రం ఆరింటికి రక్తం పలచబరిచే అసిట్రోమ్. ఇందులో లానాక్సిన్ వారానికి ఐదు రోజులే, శని ఆదివారాలు వేయకూడదన్నారు. అసిట్రోమ్ సోమ, బుధ, శుక్రవారాలు 3 మిల్లీగ్రాములు, మిగతా రోజులు 2. నేను గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్లో గుర్తు చేసేదాన్ని. "వేసుకున్నానమ్మా" అనేది. అబద్ధం కాదు, ఒక్కోసారి రెండుసార్లు వేసుకునేది.

ఆపరేషన్ అయిన రెండో నెలలో బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తే 5.2. అమ్మకి ఉండాల్సింది 2.5కీ 3.5కీ మధ్య. అసిట్రోమ్ స్ట్రిప్ తీసి లెక్కపెడితే 18 మాత్రలు ఉండాల్సింది 15 ఉన్నాయి. డాక్టరుగారు అసిట్రోమ్ రెండు రోజులు ఆపమని, మళ్లీ టెస్టు చేయించమన్నారు. రక్తం పలచబడితే ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు, చిక్కబడితే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. మూడో రోజు ఈ డబ్బా ఆర్డర్ పెట్టాను.

డబ్బా చేసిన మేలు ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే వేసుకోనట్టు. సాయంత్రం ఆరున్నరకి వీడియో కాల్‌లో ట్రే చూపించమంటాను, అంతే. "వేసుకున్నావా" అనే గొడవే పోయింది. శని, ఆదివారాల పొద్దుటి గదుల్లో ఒక మాత్ర తక్కువ ఉంటుంది కాబట్టి లానాక్సిన్ గురించి అమ్మ ఆలోచించాల్సిన పనే లేదు.

ఇక లోపాలు. రోజుల పేర్లు ఇంగ్లీషు మొదటి అక్షరాలతో ఉన్నాయి. ఆదివారం, శనివారం రెండూ ఎస్. మంగళవారం, గురువారం రెండూ టీ. మొదటి వారమే మంగళవారం నాడు గురువారం పట్టీ తెరిచింది. గురువారం వచ్చేసరికి ఖాళీ చూసి, వేసేసుకున్నాననుకుని ఊరుకుంది. సాయంత్రం నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఆ ఆదివారం మూతల మీద తెల్ల స్టిక్కర్లు అంటించి ఆది, సోమ, మంగళ అని నిండుగా రాశాను. ఒక్కో అక్షరం రాద్దామంటే శుక్రవారానికి శు, శనివారానికి శ, అదీ గందరగోళమే. పూటలకి సూర్యుడు, అన్నం కంచం, దీపం, చంద్రుడు బొమ్మలు వేశాను. అమ్మకి అవే బాగా పనికొచ్చాయి. అసలు అచ్చు మూడు నెలల్లో చెరిగిపోయింది కూడా.

మూతలు కొత్తలో చాలా బిగువు. గోరుతో లాగితే ఒక్కసారిగా తెరుచుకుని మాత్ర ఎగిరి మంచం కింద పడేది. నెల రోజులకి సర్దుకున్నాయి. గదులు చిన్నవి, స్ట్రిప్ కత్తిరించి ముక్కతో సహా పెడదామంటే పట్టవు. పైగా రేకు ముక్కతోనే మింగేసే ప్రమాదం ఉంటుంది. విప్పిన మాత్రలకి చెమ్మ తగులుతుంది కాబట్టి వారానికి మించి నింపను, వంటింట్లో పెట్టనివ్వను.

నింపేవాళ్లకి నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. అసిట్రోమ్‌ని మిగతా మాత్రలతో కలిపి నింపకండి. ప్రతి ఐఎన్ఆర్ రిపోర్టు తర్వాత దాని డోసు మారొచ్చు. మారిన రోజు డాక్టరుగారు ఫోన్లో "ఈ రాత్రి నుంచి 2 మాత్రమే" అంటే, నింపేసిన డబ్బాలోంచి ఏ మాత్ర తీయాలో అమ్మకి తెలియదు. అందుకే ఏడు గదుల చిన్న డబ్బా ఇంకోటి, ఎర్రది, 90 రూపాయలకి కొన్నాను. అందులో అసిట్రోమ్ ఒక్కటే. దాని మూతకి డోసు రాసిన చీటీ, కింద చివరి ఐఎన్ఆర్, తేదీ.

డబ్బా చేయలేని పనులు కూడా ఉన్నాయి. లానాక్సిన్ వేసే ముందు నాడి చూడాలి, 60 కంటే తక్కువుంటే ఆపి ఫోన్ చేయమన్నారు. లయ తప్పిన నాడిని పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, నిమిషం నిండా లెక్కపెట్టాలి. అమ్మ గోడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకుని పెదాలతో లెక్కపెడుతుంది, తర్వాత క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాస్తుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు పూర్తిగా మానిపించాం, అసిట్రోమ్‌తో అవి రక్తస్రావం తెచ్చిపెడతాయి. ఆకుకూరలు అసిట్రోమ్ పనిని తగ్గిస్తాయి, అయినా గోంగూర, తోటకూర మానలేదు. ఒక వారం రోజూ తిని ఇంకో వారం అసలు ముట్టకపోతేనే ఐఎన్ఆర్ అటూ ఇటూ అవుతుంది, అందుకని వారానికి మూడుసార్లు అని పెట్టుకున్నాం.

ఐదుకి నాలుగు ఇస్తాను. తెలుగులో రోజుల పేర్లు అచ్చువేసి, మూత అంచు కాస్త వెడల్పు చేస్తే ఐదూ ఇచ్చేదాన్ని. కొనేవాళ్లు పట్టీలు విడిగా ఊడివచ్చే రకమే చూసుకోండి. పెళ్లికో, ఊరికో వెళ్లినప్పుడు అమ్మ ఆ రోజు పట్టీ ఒక్కటి తీసి చేతిసంచిలో వేసుకుంటుంది. దాంతోపాటు ఎర్ర డబ్బా, మెటల్ వాల్వ్ ఉందని రాసిన కార్డు.