కన్ను మూసే కెమెరా: రెండేళ్లకు పైగా వాడాక

సామర్లకోటలో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేనుండేది బెంగళూరులో. హాల్లో పెట్టిన ఈ వైఫై కెమెరాలో నాకు ప్రాణమైన సదుపాయం ఒక్కటే. ప్రైవసీ మోడ్ నొక్కితే లెన్స్ మొత్తం పైకి తిరిగి డొప్పలోకి వెళ్లిపోతుంది. యాప్‌లో ఏదో గుర్తు చూపించడం కాదు, ఎదురుగా కూర్చున్న మనిషికి కన్ను మూసుకున్నట్టు తెలుస్తుంది. కెమెరా అంటేనే ఇష్టం లేని అమ్మ ఒప్పుకున్నది దీన్ని చూసే. పిక్చర్, నైట్ విజన్ అన్నిట్లో ఉన్నట్టే ఉన్నాయి.

మొన్న వేసవిలో ఒక తెల్లవారుజామున అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, పూజ వేళకి కన్ను తెరిచావేంటి?" నేను తెరవలేదు. తమ్ముడిని అడిగితే వాడూ కాదన్నాడు. అమ్మని వెంటనే ప్లగ్ తీసేయమని, యాప్‌లో లాగిన్ అయి ఉన్న ఫోన్ల జాబితా తెరిచాను. మా ఇద్దరివీ కాక మూడో ఫోన్ ఒకటి కనిపించింది. కెమెరా బిగించిన రోజు షాపు కుర్రాడు అకౌంట్ తెరిచింది ఆ ఫోన్‌లోనే. నేను అదే సాయంత్రం పాస్‌వర్డ్ మార్చేశాను. కానీ పాస్‌వర్డ్ మార్చినా, అప్పటికే లోపల ఉన్న ఫోన్లను ఈ యాప్ బయటికి పంపదు! అంతకాలం మా హాలు ఇంకొకరి చేతిలో ఉంది. షాపాయన "పొరపాటున నొక్కుకుపోయి ఉంటుందమ్మా" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అందుకే కన్ను మూయడం గురించి మొదట్లో అందరికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పను. అది తాళం కాదు. మూసేదీ తెరిచేదీ అకౌంటే కాబట్టి, అకౌంట్ దొరికినవాడు ఎక్కడినుంచైనా తెరుస్తాడు. అయితే తెరిచినప్పుడు లెన్స్ కదులుతుంది, ఇంట్లోవాళ్ల కంట పడుతుంది. మామూలు కెమెరా అయితే అమ్మకి తెలిసేదే కాదు.

2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లోకి, వాటి వీడియో రికార్డ్ చేసే డీవీఆర్‌లలోకి దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చకపోవడం వల్ల. మాది ఆ రకం కాదు, మొదటిరోజే కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకుంది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు ప్రభుత్వ భద్రతా పరీక్షల నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ ఏ పరీక్షా బిగించినవాడి ఫోన్‌లో మన లాగిన్ మిగిలిపోయిందేమో చూడదు. అది మనమే చూసుకోవాలి.

ఆ ఫోన్‌ని తీసేసి, పాస్‌వర్డ్ మళ్లీ మార్చి, ఓటీపీ లేకుండా కొత్త ఫోన్ లోపలికి రాకుండా చేశాను. ఆ ఓటీపీ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, యాప్‌లో ఎక్కడో అడుగున దాచారు. కెమెరాని రౌటర్‌లోని గెస్ట్ వైఫైకి మార్చాను, అమ్మ బ్యాంకు పనులు చేసే ఫోన్‌తో దానికి సంబంధం లేకుండా. దీనివల్ల నేను ఊరెళ్లినప్పుడు ఇంట్లో కూర్చుని చూసినా వీడియో కాస్త ఆలస్యంగా వస్తోంది. ఫర్వాలేదు. వెళ్లిన ప్రతిసారీ ఫోన్ల జాబితా, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చూసి వస్తున్నాను.

మరొకటి కొనాల్సి వస్తే? పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంటికి, హాల్లో పెట్టడానికి, మళ్లీ దీన్నే కొంటానేమో, అకౌంట్ మాత్రం నా ఫోన్‌లోనే తెరిచే షరతు మీద. పడకగదికైతే ఎవరికీ చెప్పను. పైగా మా అమ్మ చూపు చురుకు కాబట్టి సరిపోయింది, చూపు ఆనని వాళ్ల ఇంట్లో కన్ను తెరుచుకున్నా ఎవరు గమనిస్తారు?