టిష్యూ కల్చర్ ట్రైనింగ్: మీడియా గదికి నాలుగు స్టార్లు, పాంప్లెట్‌కి ఒకటి

రాజమండ్రి దగ్గర ఒక ప్రైవేటు టిష్యూ కల్చర్ ల్యాబులో, అంటే చిన్న మొక్క ముక్క నుంచి బాటిళ్లలో బోలెడు మొక్కలు పెంచే చోట, మూడు నెలల ట్రైనింగ్ చేశాను. పేరు రాయను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, ఎక్కడ చేరబోయినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే. ఫీజు 30,000, హాస్టల్ వేరే. నాది బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఊరు రావులపాలెం పక్కన. పుట్టి పెరిగిందంతా అరటి గెలల లారీల మధ్యే కాబట్టి, అరటి ల్యాబు అనగానే ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ముందు బాగున్నది చెబుతాను. మీడియా గది, అంటే బాటిళ్లలో మొక్కకి ఆహారంగా పోసే మిశ్రమం తయారుచేసే చోటు. అక్కడ నేర్పే ఆవిడ్ని అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఇంటర్‌తో చదువు ఆపేసి, బాటిళ్లు కడిగే పనిలో చేరి, మీడియా ఇన్‌చార్జి దాకా వచ్చిన మనిషి. మురాషిగె, స్కూగ్ అనే ఇద్దరు 1962లో పొగాకు కణజాలం పెంచడానికి తయారుచేసిన మీడియానే ఇవాళ అరటికీ వాడుతున్నారు. డిగ్రీలో నాకది రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ లీటరుకి 30 గ్రాముల పంచదార తూచి పోశాను, అదీ కిరాణా కొట్టు పంచదారే. పీహెచ్ 5.8కి తేవాలి. బాగా తగ్గిపోతే, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ నుంచి తీశాక, మీడియాని గట్టిపరిచే అగర్ సరిగ్గా పేరుకోదు. ‘మీటర్ చూశావు సరే, ఆ మీటర్ సరిగ్గా ఉందో లేదో ఎప్పుడు చూశావమ్మాయ్?’ అని అడిగేది అక్క. పుస్తకంలో ఈ ప్రశ్న ఉండదు.

తర్వాత పిలక కోయడం. తోటలోంచి తెచ్చిన పిలకని పొర తర్వాత పొర ఒలిచి, లోపలి మొవ్వు రెండు మూడు సెంటీమీటర్లు మిగిలేదాకా రావాలి. కోసిన చోట చూస్తుండగానే నల్లబడుతుంది. ఇంట్లో అరటికాయ ముక్కల్ని మజ్జిగనీళ్లలో వేస్తాం కదా, ఇక్కడ ఆస్కార్బిక్ యాసిడ్ నీళ్లలో వేస్తారు, రెండూ ఒకందుకే. బూజు పడితే రోజుల్లోనే కనిపిస్తుంది, బాటిల్ తీసేస్తాం. బ్యాక్టీరియా అలా కాదు. మొక్క లోపలే దాక్కుని, రెండు మూడు సబ్‌కల్చర్లు (మొక్కల్ని విడదీసి కొత్త మీడియాలోకి మార్చడం) అయ్యాక మొదట్లో తెల్లటి మసకలా బయటపడుతుంది. బాటిల్ ఎత్తి లైటుకి అడ్డంగా వంచి అడుగు చూడడం అలవాటు చేసింది కూడా అక్కే. ఎనిమిది విడతలకి మించి సబ్‌కల్చర్ చేస్తే తల్లి మొక్కలా ఉండని తేడా మొక్కలు ఎక్కువవుతాయని, అక్కడితో ఆపి కొత్త పిలక తేవాలని గట్టిగా చెప్పారు. దీనికి నాలుగు స్టార్లు.

ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే, పిలకల్ని శుభ్రం చేసేది మెర్క్యూరిక్ క్లోరైడ్‌తో. అది విషం. వాడాక ఎక్కడ పారబోయాలని అడిగితే సార్ ‘సింకులో మాత్రం వద్దు’ అన్నారు. మరి ఎక్కడో చెప్పలేదు. పైగా క్రిముల్లేని గాలిలో కోత పని చేసుకునే హుడ్‌లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒకరు కోస్తుంటే మిగతావాళ్లం వెనక నిలబడి భుజాలమీదుగా చూడడమే.

ఇక పాంప్లెట్. దాని మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, కింద ‘సైంటిస్ట్ కావాలని ఉందా? వంద శాతం ప్లేస్‌మెంట్!’ అని. ఆ ప్లేస్‌మెంట్ ఒక వాట్సాప్ గ్రూపు. అందులో హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల లింకులు ఫార్వర్డ్ చేస్తారు, సగానికి గడువు అయిపోయి ఉంటుంది. నాకొచ్చిన ఉద్యోగం నేను తిరిగి వెతుక్కున్నదే, మొదటి జీతం 12,000.

ఈ సర్టిఫికెట్‌తో సైంటిస్ట్ కారు. ఆ దారి వేరు. కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థల్లో సైంటిస్ట్ కావాలంటే పీజీ, పీహెచ్‌డీ, ఆపైన సైంటిస్టుల ఎంపికకి పెట్టే ఏఆర్‌ఎస్ పరీక్ష. బోటనీ వాళ్లు ఎమ్మెస్సీ చేసి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకోవచ్చు, 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు. మన బీజెడ్‌సీకి ఇంకో చిక్కుంది. 2019లో సచివాలయాల్లో గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులు పడ్డప్పుడు, పదో తరగతి తర్వాత రెండేళ్ల అగ్రి పాలిటెక్నిక్ చేసిన మా పక్కింటి అబ్బాయి ఉద్యోగంలో చేరాడు. బీజెడ్‌సీ వాళ్లకి దరఖాస్తు పెట్టే అర్హత కూడా లేదు. ఈ సంగతి పదో తరగతిలోనే చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండేది!

సైంటిస్ట్ కాకపోతే పని లేదనీ కాదు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో టెక్నీషియన్, అంటే టీ-1 పోస్టు ఉంటుంది. 2021 డిసెంబరులో ఒకేసారి 641 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. పదో తరగతి చాలు, మూల వేతనం 21,700. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన సంస్థ, పెదవేగిలోని ఆయిల్‌పామ్ సంస్థ రెండూ ఐసీఏఆర్‌వే. ట్రైనింగ్ మొత్తంలో టీ-1 అనే మాట ఎవరి నోటా రాలేదు. నాకది చెప్పింది గెస్ట్ క్లాసుకి వచ్చిన ఒక రిటైర్డ్ ఫీల్డ్ అసిస్టెంట్ గారు. ‘ఆయ్, మా పని ఎవరికీ కనబడదండి’ అని నవ్వుతూనే, వరి కంకి పట్టుకుని ఒక్కో గింజ కొన కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులూ ఫోర్సెప్స్‌తో తీసి, కాగితం సంచి తొడిగి చూపించారు. వరిలో సంకరం చేయడం అలా మొదలవుతుంది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి, మనం ఎంటీయూ 7029 అని విత్తనాల కొట్లో అడిగేది, దాని వెనక కూడా ఇలాంటి చేతిపని ఎంతో ఉండి ఉంటుంది. మూడు నెలల్లో ఆ ఒక్క పూటకే నేను డబ్బులిచ్చినా బాధ లేదు.

కడియంలో ఇంటి నర్సరీ ఉన్నవాళ్లు నిశ్చింతగా చేరొచ్చు, హార్డెనింగ్, అంటే బాటిల్ మొక్కల్ని బయటి వాతావరణానికి అలవాటు చేయడం, బాగా నేర్పుతారు. ల్యాబులో ఆపరేటర్ ఉద్యోగం చాలు అనుకునేవాళ్లు కూడా. పీజీ ఆలోచన ఉన్నవాళ్లు ఈ 30,000 కోచింగ్ పుస్తకాలకి దాచుకోండి. చేరేముందు ఒక్కొక్కరికి వారానికి హుడ్ మీద ఎన్ని గంటలిస్తారో కాగితం మీద రాయించుకోండి. కొత్త బ్యాచ్ వానాకాలంలో మొదలవుతుందట. గాలిలో తేమ పెరిగి బూజు విజృంభించే రోజులు కాబట్టి ల్యాబు వాళ్లకి టెన్షనే గానీ, నేర్చుకునేవాళ్లకి ఆ బ్యాచే మంచిది.