ఓజీటీ కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీ: ఏళ్ల తరబడి వాడాక

ఓజీటీ అనే ఎంజైమ్‌ను పట్టి చూపే ఈ యాంటీబాడీని వెస్టర్న్ బ్లాట్‌కైతే (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి, కావలసినదాన్ని గీతలా చూపే పరీక్ష) నిశ్చింతగా కొనుక్కోండి. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కైతే (కణాల్లో ప్రోటీన్ ఎక్కడుందో మెరుపుతో చూపే పద్ధతి) తొందరపడొద్దు. పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచి హబ్సిగూడలోని మా ల్యాబ్‌లో నేను వాడుతున్నది ఇదే.

ప్రోటీన్లలోని సెరీన్, త్రియోనిన్‌ల మీద ఎన్-ఎసిటైల్‌గ్లూకోసమీన్ అనే చక్కెరను ఒక్కొక్కటిగా అతికించే ఎంజైమ్ ఓజీటీ. దాని పెద్ద రూపం బరువు సుమారు 110 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువుకు కొలత), మైటోకాండ్రియాలోది 103, పొట్టిది 78. యాంటీబాడీని వెయ్యికి ఒకటి చొప్పున కలిపి, రాత్రంతా కోల్డ్ రూమ్‌లో ఊపితే ఎలుక మెదడు లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) 110 దగ్గర గీత గీసినట్టు బ్యాండ్ వస్తుంది. మెదడులో ఈ ఎంజైమ్ ఎక్కువే కాబట్టి పాజిటివ్ కంట్రోల్‌గా (యాంటీబాడీ పనిచేస్తోందని చూపే నమూనాగా) నాకు అదే ఇష్టం.

అసలు చూడాల్సింది 78 దగ్గర. మొదటి లాట్‌లో (ఒక విడతలో తయారైన సరుకు) అక్కడ మసకగా ఒక బ్యాండ్ ఉండేది. పొట్టి రూపమేనని పేపర్లో రాసేయాలనిపించేంత సరిగ్గా ఆ బరువు దగ్గరే! కానీ ఎస్ఐ-ఆర్ఎన్ఏతో (ఒక ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ) ఓజీటీని తగ్గించిన హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) 110 బాగా పలచబడింది, 78 మాత్రం చెక్కుచెదరలేదు. అంటే అది వేరే ప్రోటీన్. కొత్త లాట్ వచ్చాక ఆ బ్యాండ్ మాయమై, 60 దగ్గర ఇంకొకటి తేలింది. పాలీక్లోనల్ అంటే ఇంతే మరి: ఒక కుందేలు రక్తంలో తయారైన రకరకాల యాంటీబాడీల మిశ్రమం ఇంకో కుందేలులో అచ్చం అలాగే రాదు. అందుకే లాట్ మారిన ప్రతిసారీ నాక్‌డౌన్ (ఇలా ఓజీటీని తగ్గించిన కణాల) లైసేట్ పక్కన పెట్టి నడపండి. నా దృష్టిలో అది చేయని బ్లాట్‌కు విలువ లేదు. 110 పూర్తిగా పోలేదని కంగారు పడొద్దు. విభజన చెందే కణాలు ఓజీటీ లేకుండా బతకవు, కొంత మిగులుతుంది.

ఇమ్యునోప్రెసిపిటేషన్‌లోనూ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను లైసేట్ నుంచి బయటికి లాగే పద్ధతి) బాగానే పట్టింది. కుందేలు ఐజీజీ హెవీ చెయిన్ (యాంటీబాడీలోనే ఉండే పెద్ద ముక్క) 50 దగ్గర వస్తుంది కాబట్టి 110కి అడ్డం రాదు. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో మాత్రం నాక్‌డౌన్ కణాలు కూడా దాదాపు అంతే మెరిశాయి. ఆ బొమ్మలు నేను ఎక్కడా వాడలేదు.

సరుకు బయటి నుంచి రావాలి, వారాలు పడుతుంది. ఒకసారి మే ఎండల్లో వచ్చిన పెట్టెలో ఐస్ ప్యాక్‌లు నీళ్లయిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి ఎండలు ముదరకముందే ఆర్డర్ పెడుతున్నాను. గ్లిసరాల్‌లో వస్తుంది కనుక మైనస్ 20లో గడ్డకట్టదు, ఎప్పటికప్పుడు కావలసినంత తీసుకోవచ్చు. పెద్ద ప్రాజెక్ట్ అయితే డీలర్‌తో మాట్లాడి ఒకే లాట్ నంబరువి రెండు మూడు వయల్స్ ముందే తెప్పించి పెట్టుకోండి.