బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు: సగం పెట్టెకే విలువ

బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఒక పనిముట్ల దుకాణంలో కొన్న, కంపెనీ ముద్ర ఏదీ లేని బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు (విరిగి లోపల ఉండిపోయిన బోల్టులను బయటికి తీసే పనిముట్లు) గురించి ఈ సమీక్ష. ప్లాస్టిక్ పెట్టెలో రెండు వరుసలున్నాయి. పై వరుసలో ఎడమవైపు తిరుగుతూ కోసే డ్రిల్ బిట్లు ఐదు, కింది వరుసలో మొన సన్నగా, మొదలు లావుగా ఉండి ఎడమ మరలు తిరిగిన ఎక్స్‌ట్రాక్టర్లు ఐదు. విరిగిన బోల్టులో రంధ్రం వేసి, అందులోకి ఎక్స్‌ట్రాక్టర్‌ను దింపి ఎడమవైపు తిప్పితే బోల్టు ఊడి రావాలి. బేరమాడితే 750 రూపాయలకు వచ్చింది. దీనిని వాడింది 1998 నాటి మారుతి 800 మీద. గాస్కెట్ మార్చడానికి, ఇంజను పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను విప్పుతుండగా 8 మి.మీ. స్టడ్ (తల లేని మరల కడ్డీ) ఒకటి, ఇంజను పైభాగమైన హెడ్డు అంచుకు సమానంగా విరిగిపోయింది. ప్లయరుతో పట్టుకోవడానికి రవ్వంత ముక్క కూడా బయటికి మిగల్లేదు.

ఆ 796 సీసీ ఇంజనుకు హెడ్డు అల్యూమినియంది, స్టడ్ ఉక్కుది. ఈ రెండు లోహాలు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ కలిసి నానితే, వాటి మధ్య తెల్లని ఆక్సైడు పేరుకొని మరలను పట్టేస్తుంది. అయితే వేడి చేసినప్పుడు అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది కనుక, హెడ్డును స్టడ్ చుట్టూ హాట్ ఎయిర్ గన్‌తో వేడిచేసి, చల్లారుతున్నప్పుడు పెనెట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న మరలను వదులు చేసే పలుచని నూనె) పోస్తే, ఆ నూనె సందులోకి దిగే అవకాశం పెరుగుతుంది. ఏ సెట్టు కొన్నా ఈ పని ముందు జరగాలి.

ఇక డ్రిల్ బిట్ల సంగతి. మామూలు బిట్టు కుడివైపు తిరుగుతూ కోస్తుంది గనుక, కోసే ప్రతి చుట్టులోనూ విరిగిన స్టడ్‌ను మరింత లోపలికి బిగించే దిశలోనే ఒత్తుతుంది. ఎడమ బిట్టు చేసే ఒత్తిడి విప్పే దిశలో ఉంటుంది. దానికి డ్రిల్లింగ్ వేడి, కంపనం తోడై, చాలాసార్లు వేరే పనిముట్టు అక్కర లేకుండానే స్టడ్ కదులుతుంది. ఇక్కడ జరిగింది అదే: 3 మి.మీ. రంధ్రం తరువాత 5 మి.మీ. బిట్టు వేసి, కటింగ్ ఆయిల్ చుక్కలతో నెమ్మదిగా నడిపిస్తుండగా, బిట్టు ఒక్కసారిగా పట్టుకొని స్టడ్‌ను తనతోపాటే తిప్పుకుంటూ బయటికి తెచ్చింది. హెడ్డు మరలకు గీత కూడా పడలేదు. అయితే ఈ ఫలితం రంధ్రం సరిగ్గా మధ్యలో పడితేనే వస్తుంది. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి రంధ్రం చోటును గుర్తుపెట్టే సెంటర్ పంచ్ పక్కకు జారుతుంది. కలాసిపాళ్యంలోని ఒక లేత్ షాపులో మానిఫోల్డ్ రంధ్రానికి సరిపోయే బుష్ (చిన్న లోహపు గొట్టం) ఒకటి, మధ్యలో 3 మి.మీ. బెజ్జంతో చేయించి, మానిఫోల్డ్‌ను మిగతా స్టడ్లతో తిరిగి బిగించి, ఆ బుష్ గుండానే మొదటి రంధ్రం వేయించడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తెలివైన ఖర్చు. డ్రిల్ యంత్రానికి రివర్స్ ఉండాలని వేరే చెప్పనక్కరలేదు గానీ, చౌక యంత్రాలు కొన్నింటికి అది ఉండదు, పెట్టె మీద ఆ హెచ్చరికా లేదు.

కింది వరుసలోని ఎక్స్‌ట్రాక్టర్లను ఇంతగా మెచ్చుకోలేను. వాటిని పరీక్షించడానికి మెకానిక్ పక్కన పడేసిన ఒక కేసింగ్‌లోని 6 మి.మీ. బోల్టును ఎంచుకున్నాం. తొలి బలానికే చిన్న ఎక్స్‌ట్రాక్టర్ పుటుక్కున విరిగి లోపల ఉండిపోయింది. ఈ రకం పనిముట్టులో రెండు లోపాలున్నాయి. మొన సన్నగా ఉండటం వల్ల అది లోపలికి దిగేకొద్దీ బోల్టును వెలుపలికి ఉబ్బించి మరలకు మరింత అదుముతుంది. ఉక్కును గట్టిపరిచి చేసినందువల్ల అది వంగదు, విరుగుతుంది, విరిగాక సాధారణ హైస్పీడ్ స్టీల్ బిట్టు దాన్ని కోయలేదు. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆ మెకానిక్, "తీసేది లోపలే ఇరిగిందంటే, సార్, ఆ బోల్టే మేలనిపిస్తాది" అన్నారు. అలాంటి ముక్కను తీయాలంటే హెడ్డు దింపి పీణ్య పారిశ్రామిక ప్రాంతంలో స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ నిప్పురవ్వలతో గట్టి లోహాన్ని తొలిచే) యంత్రం ఉన్న షాపు వెతుక్కోవాలి, ఆ ఖర్చు ముందు ఈ సెట్టు ధర ఏమూలకూ రాదు.

ఎడమ బిట్టుతో స్టడ్ కదలనప్పుడు, ఎక్స్‌ట్రాక్టర్ వైపు పోకుండా, విరిగిన ముఖం మీద నట్టు పెట్టి, దాని రంధ్రం లోపలినుంచి వెల్డింగ్ చేయించి, ఆ నట్టును స్పానరుతో తిప్పడం నాకు మెరుగైన దారిగా తోస్తుంది. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు, పైగా ఆ వేడికి పట్టు సడలుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి, పెట్రోలు వాసన ఏమాత్రం ఉన్నా పని మొదలుపెట్టకూడదు.

పాత కారో బండో ఉన్నవారు ఎడమ బిట్లు విడిగా దొరికితే అవే కొనండి, దొరకకపోతే వాటి కోసమే ఈ సెట్టు తీసుకోండి. ఎక్స్‌ట్రాక్టర్లలో పెద్దవి రెండు 10 మి.మీ. పైబడిన బోల్టులకు పనికిరావచ్చు, కానీ వాటి నలుచదరపు మొదలును స్పానరుతో ఒకవైపు నుంచి తిప్పితే పక్కబలానికి విరుగుతాయి. రెండు చేతులా సమంగా తిప్పే ట్యాప్ హ్యాండిల్ కావాలి, అది ఈ పెట్టెలో ఇవ్వరు.